కామంచి కులం

ఈమధ్య దర్జీలు చొక్కా జేబులు మరీ చిన్నవిగా కుడుతున్నారు. కళ్లజోడు పెడితే పెన్ను పట్టదు, పెన్ను పెడితే కళ్లజోడు పట్టదు. ముప్ఫై ఏళ్లకు పైగా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి దిగిపోయిన మనిషికి ఈ రెండూ లేకపోతే చొక్కా వేసుకున్నట్టే ఉండదు. జగిత్యాలలో మా దర్జీతో ఈ ముచ్చట తీస్తే, అతను మెడలో టేపు సవరించుకుంటూ, "జేబుల పెన్ను ఇప్పుడు ఎవలు వెడుతున్నరు సార్? మీరూ, మీ తోటోల్లు. మీ తోటోల్లు కొత్తంగీలు కుట్టిచ్చుకుంటలేరు" అన్నాడు. నా నడుము కొలతే కాక నా వయసు కొలత కూడా అతని దగ్గర ఉందని అప్పుడు తెలిసింది. అందుకని కళ్లజోడు చేత్తో పట్టుకుని తిరగడం అలవాటయింది. అలా తిరిగితే లోకం మసకగా, చాలావరకు మర్యాదగా కనిపిస్తుంది.

సిరిసిల్లలో పాత విద్యార్థి ఒకతను ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. భోజనాలయ్యాక అతను నన్ను బస్టాండు దాకా సాగనంపుతూ సాంచల సందులోంచి నడిపిస్తున్నాడు. సాంచలంటే మరమగ్గాలు; రెండు పక్కలా ఒకటే చప్పుడు. మాట్లాడాలంటే చెవి దగ్గరికి వంగాలి. ఒక రేకుల ఇంటి ముందు ఎవరో నీలిరంగు చీర ఆరేసినట్టు కనిపించింది. కళ్లజోడు పెట్టుకున్నాను. చీర కాదు, తీగ. ఐదు రేకుల నీలి పూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, ఒక్కో పువ్వు మధ్యలో పసుపుపచ్చని చిన్న ముక్కు. పూల వెనక బఠాణీలంత ఎర్రటి కాయలు. నేను ఆగిపోవడం చూసి విద్యార్థి నా చెవి దగ్గర అరిచాడు: "గది బీడీల సుగుణవ్వ ఇల్లు సార్! మంచి ముసల్ది గని గా తీగను ఎవ్వలను ముట్టనియ్యది!" నాకు బస్సు టైమయిందని చెప్పాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

ఆ సుగుణవ్వ మా చిన్నమ్మ, మా బాపు తమ్ముడి భార్య. ఆమెకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. పెద్దదేమీ కాదు, ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం సమయానికి చెప్పి ఉంటే ఆమె బతుకంతా కోరుట్లలో గడిచేది. చెప్పకపోవడం వల్ల ఆమె సిరిసిల్లలో, నేను కాలేజీలో స్థిరపడ్డాం.

మా ఇల్లు కోరుట్ల ఊరి చివర, తాటివనం వైపు. తాళ్లెక్కే ఇల్లు. తెల్లవారుతూనే బాపు నడుముకు మోకు తగిలించుకుని వనానికి పోయేవాడు. తాటి చెట్టును, మనిషిని కలిపి కట్టే ఆ తాడే మాకు అన్నం. ఎండెక్కేసరికి కల్లు కుండలు వాకిట్లోకి వచ్చేవి. పులుపు వాసన, దానికి కాపలా కాసే ఈగలు, వాటిని తోలుతూ మా అవ్వ, అంటే అమ్మ. ఆ వాసనతో తంబాకు ఘాటు కలిసేది. ఇంట్లో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. తడిపిన తునికాకు, కత్తెర, చాట, ఒళ్లో ఎర్రదారపు ఉండ. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, చుట్టేది తక్కువ, తాగేది ఎక్కువ. చిన్నమ్మ చుట్టిన బీడీ గట్టిగా ఉంటుందని ఆమె చాటలోంచే ఒకటి తీసి ముట్టించి, ఆ పొగ వదులుతూ ఆమెనే తిట్టేది. తిట్టడానికి కారణం వెతుక్కోవలసిన అవసరం బాపమ్మకు ఎప్పుడూ రాలేదు. కోడలు ఇంట్లో ఉండటమే సరిపోయేది.

చిన్నమ్మ మొగుడు, మా చిన్నబాపు పేరు గంగారాం. తాడి ఎక్కితే కళ్లు తిరిగే మనిషి. తాళ్లెక్కే ఇంట్లో అది చిన్న లోపం కాదు. ముందు బొంబాయి పోయాడు, అక్కడి నుంచి దుబాయి. మావైపు సముద్రం అవతల ఏ దేశమైనా దుబాయే. ఆయన పోయింది నిజంగా ఎక్కడికో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అక్కడొక షేకు బంగళాలో తోటమాలి. పెళ్లయిన పదిహేను రోజులకే పోయాడు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు అందరికీ అన్నీ తెచ్చాడు: బాపమ్మకు కంబళి, మా అవ్వకు రేడియో, బాపుకు టార్చిలైటు, నాకు గడియారం. చిన్నమ్మకు మాత్రం తలనొప్పి తైలం డబ్బీ ఒకటి ఇచ్చాడు. అందులో తైలం లేదు. ఎండిన ఎర్రకాయలు నాలుగు ఉన్నాయి. "షేకు బంగళ గేటు మీద ఉంటది గిది. పూస్తె సూడాలె," అన్నాడట. పెళ్లానికి ఉత్త డబ్బీ తెచ్చిన మగవాడని మా ఇంట్లో వారం రోజులు నవ్వుకున్నాం. నవ్వించింది నేనే. అప్పట్లో ఇంట్లో నా హోదా అదే.

కాయలు చిదిపి, గింజలు కడిగి, బూడిదలో ఆరబెట్టి, పగిలిన కల్లుకుండ అడుగులో పెంట ఎరువూ వాగు ఇసుకా కలిపి చిన్నమ్మ వాటిని పెట్టింది. పదిహేను రోజులదాకా ఏమీ లేదు. బాపమ్మ రోజూ పొద్దున కుండలోకి తొంగిచూసి, "ఏం పెట్టినా మొలవది దీని చేతుల," అనేది. ఆ మాట ఎటు తిరిగి ఎక్కడ తగులుతుందో అందరికీ తెలుసు. పదహారో రోజో పదిహేడో రోజో రెండాకులు లేచాయి. దాన్ని తీసి బాత్రూం వెనక, తూర్పు గోడకు నాటింది. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. ఇంట్లో అందరూ స్నానం చేసిన నీళ్లు గుంటలోకి పారేలా కాలువ తీసి, అవి తేరాక ముంతతో ముంచి పోసేది. ఆ తీగకు మల్లెలా చుట్టుకునే గుణం లేదు, కాకరలా నులితీగెలు లేవు. ఆకు కాడనే కొక్కెంలా వంచి దొరికినదాన్ని పట్టుకుంటుంది. పట్టుకోవడానికి సన్నటి ఆసరా కావాలి. చిన్నమ్మ ఒకరోజు బాపు పాత మోకు అడిగింది.

"మోకు మీదికి తీగనా?" అన్నాడు బాపు. "మా తాత ఎక్కిన మోకది, ఎర్కేనా?"

"ఎక్కెతందుకే గద బావా మోకు," అంది చిన్నమ్మ తల దించుకునే. "గది గూడ ఎక్కనియ్యి."

బాపు నవ్వు ఆపుకోలేక మోకు ఇచ్చేశాడు. దాన్ని గోడ నుంచి వాసానికి కట్టి, పురులు విప్పి సన్నగా చేసింది. రెండో వానాకాలానికి తీగ వాసం దాటింది. పూత అయిపోగానే ముదురు కొమ్మలు కత్తిరించేది; పాత కొమ్మ మీద కంటే కొత్త చిగురు మీద పూత ఎక్కువ వస్తుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. ఒకసారి చిగుళ్లనిండా పేనుబంక పట్టింది. చాటలో మిగిలిన తంబాకు పొడి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వేపరెమ్మతో చల్లింది. నాలుగు రోజుల్లో పురుగు పోయింది. నేను అప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను, వృక్షశాస్త్రమే. తంబాకు, ఆ తీగా ఒకే కుటుంబానికి చెందిన మొక్కలని నాకు తెలుసు. సొంత చుట్టం చేతే పురుగు చచ్చిందని చిన్నమ్మకు చెబితే, "చుట్టాలు ఇంకేం చేస్తరు," అంది. అది నా జోకు కంటే బాగుందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఉత్తరాలు చదివే ఓపిక లేక మావైపు అప్పట్లో క్యాసెట్లు పంపేవారు. సెలవుకు వచ్చేవాడెవడో తెచ్చి ఇస్తే, ఇల్లంతా టేప్‌రికార్డరు చుట్టూ కూర్చునేది. మీట నొక్కడం నా పని. చిన్నబాపు గొంతు పైపులోంచి వచ్చినట్టు వచ్చేది. తల్లికి దండాలు, అన్నకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా, వదినెకు రేడియో బాగా పలుకుతున్నదా, నాకు బుద్ధిగా చదువుకో. ఆ తర్వాత కాసేపు గరగర. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తీగ ఎట్లున్నది? నీల్లు పోస్తున్నరా? దాన్ని ఎండల నిలవెట్టకుండ్రి. ఎవలన్న తెంపబోతె ఊకోకుండ్రి. నేను అచ్చిందాక జెర పైలంగ సూసుకోండ్రి దాన్ని." అందరి ముందు పెళ్లాం పేరెత్తలేని మగవాడు తీగ పేరెత్తాడు. తలుపు వెనక చిన్నమ్మ కత్తెర చప్పుడు ఆగిపోయేది. ఇంట్లో అందరికీ అర్థమయ్యేది. బాపమ్మకు అందరికంటే ముందే అర్థమయ్యేది.

జవాబు క్యాసెట్టులో బాపమ్మ మైకు దగ్గరికి మొహం పెట్టి అరిచింది: "నీ తీగకేమయితది కొడుకా! మంచిగ తింటున్నది, మంచిగ పారుతున్నది. కాయలు గూడ ఆయె. ఇంట్ల కొన్నిటికి కాలేదు గని దానికి అయినయి!"

నేను మీట ఆపి నవ్వాను. మా అవ్వ కూడా నవ్వింది. తలుపు వెనక కత్తెర మళ్లీ మొదలైంది, మునుపటికంటే వేగంగా. చిన్నబాపు అవతల ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు విన్నాడో తెలియదు. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్టులో తీగ ముచ్చట లేదు.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు, మళ్లీ ఒక ఏడు. బావుల్లో అడుగు మెట్టు కనిపించింది, ఆ మెట్టు మీద మేకలు నిలబడ్డాయి. తాళ్లు కూడా ఎండిపోయి, బాపు పది చెట్లెక్కితే ఒక చెట్టు కల్లు దిగేది. మేడిపల్లి వైపు నుంచి, రుద్రంగి వైపు నుంచి జనం మూటలతో కోరుట్ల రోడ్డు మీదికి వచ్చి బొంబాయి బస్సు కోసం కూర్చునేవారు. మా వాడలో తాళాలు వేసిన ఇళ్లు ఎక్కువై, తాళం లేని ఇళ్లకే దొంగల భయం పోయింది. దొంగలు కూడా బొంబాయే పోయి ఉంటారు. అలాంటి ఎండల్లో అదే బొంబాయి బస్సు నుంచి చిన్నబాపు దిగాడు. చేతిలో పెట్టె లేదు. కళ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. మావైపు పచ్చకామెర్లను పస్కలు అంటారు. పని చేయలేని మనిషిని షేకు తోటలో ఉంచుకోలేదు, పంపేశాడు.

పస్కలకు బాపమ్మ దగ్గర మందుంది. కామంచి ఆకూ కాయా నూరి, పసరు తీసి, మజ్జిగలో కలిపి మూడు పొద్దులు పరగడుపున తాగించాలి. వాడలో ఎంతోమందికి ఆమె చేత్తోనే తగ్గింది, లేదా దానంతటదే తగ్గింది. కామంచి పెద్ద గొప్ప మొక్కేమీ కాదు, బావి గట్ల మీద, మురికి కాలువల పక్కన ఊరికే మొలిచేది. కానీ ఆ ఏడు గట్లు లేవు, కాలువలు లేవు, తడి అన్నదే లేదు. బాపమ్మ చేతిలో గంపతో రెండు రోజులు ఊరంతా తిరిగి ఉత్త గంపతో వచ్చింది. ఊరు మొత్తానికి పచ్చగా ఉన్నది మా స్నానాల నీళ్లు తాగిన దుబాయి తీగ ఒక్కటే.

మూడో రోజు పొద్దున నేను పరీక్షలకని జగిత్యాల బస్సు కోసం బయల్దేరాను. బాపమ్మ తీగ కింద నిలబడి ఒక పూలగుత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది.

"ఏందిరా సత్తీ, గీ పువ్వు మొఖం కామంచి పువ్వు లెక్కనే ఉన్నది?"

"ఒక్కటే కులం బాపమ్మా అవి," అన్నాను నడుస్తూనే.

"చెట్లకు కులమేందిరా?"

"ఎందుకుండది? కామంచి, వంకాయ, టమాట, మిరప, గీ దుబాయి తీగ, అందరు ఒక్క ఇంటోల్లే. మా పుస్తకంల ఉన్నది."

"అయితె ఇచ్చిపుచ్చుకోవచ్చంటవ్."

"పిల్లనియ్యొచ్చు, పిల్లను తెచ్చుకోవచ్చు," అన్నాను. ఆమె నవ్వింది. అరుదుగా నవ్వే మనిషిని నవ్వించానన్న గర్వంతో పరుగెత్తి బస్సెక్కాను. పుస్తకంలో ఉన్న మాటకు సరైన తెలుగు 'కుటుంబం'. కులమంటే బాపమ్మకు బాగా తెలుస్తుందని అలా చెప్పాను. అదే తప్పు, ఆమెకు బాగా తెలిసింది. ఆమె లెక్కలో ఒకే కులమంటే ఒకే గుణం, ఒకే పంక్తి, ఒకరింట్లో ఒకరు నిర్భయంగా తినొచ్చు. ఉమ్మెత్త కూడా ఆ ఇంటిదేనని, ఆ ఇంట్లో మంచివాళ్ల కంటే విషం పెట్టేవాళ్లే ఎక్కువని చెప్పడానికి నాకు తీరిక లేదు. బస్సు హారన్ కొడుతోంది.

నేను వెళ్లిన నాలుగో రోజున కబురు వచ్చింది. నేను ఇంటికి చేరేసరికి చిన్నబాపు పోయాడు, చాప మీద పడుకోబెట్టారు. మూడు పొద్దులు పసరు తాగాడట. రెండో పొద్దు నుంచే వాంతులు. మూడో పొద్దు తాగనని మొరాయిస్తే, "నువ్వు ఇయ్యి, నువ్విస్తె తాగుతడు," అని బాపమ్మ గిలాస చిన్నమ్మ చేతికిచ్చింది. చిన్నమ్మ ఇచ్చింది, ఆయన తాగాడు. చూడటానికి వచ్చిన వాడకట్టంతా ఆ చేతిని చూసింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, కాలేయం ఇప్పుడు కాదు, ఎప్పుడో పోయిందని డాక్టరు అన్నాడట. ఆ పసరు తోసిందో, తనంతట తనే పడ్డాడో నేను తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా తేల్చుకోలేకపోయాను. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర బాపమ్మ నా చొక్కా చేయి పట్టుకుని దగ్గరికి లాగింది. "ఒక్కటే కులమంటివి గదరా," అంది. అంతే. ఏడవలేదు. నా చేయి వదిలి, పొయ్యిలో కట్టె లోపలికి తోసింది.

కొడుకును తన చేత్తోనే చంపుకున్నానని ఒప్పుకుని బతకడం ఎవరికీ చేతకాదు. కోడలు చంపిందనుకుంటే బతకొచ్చు. దినాలయ్యాక కుల పెద్దలు మా అరుగు మీద కూర్చున్నారు. కులం అనే మాటతో మొదలైన ముచ్చట కులం ముందే తేలడం సబబుగానే ఉంది. బాపమ్మ చెప్పింది: "కామంచి తెమ్మన్న. తెచ్చింది గిది. నా కండ్లు కనవడయి, నూరిన. తాపింది తనే."

"నేను తేలే," అంది చిన్నమ్మ గోడకు ఆనుకుని. "అత్త ఇచ్చింది, నేను అందిచ్చిన. కామంచి ఏదో నాకెర్క లేదా? పుట్టిన కాడికెల్లి తొక్కుకుంట తిరిగిన ఆకు గది."

"ఎర్క ఉండే తెచ్చినవన్నట్టు," అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన వంద పంచాయితీలు చేసినవాడు, మాట ఎటు వంచాలో తెలుసు. అప్పుడు నా వైపు తిరిగాడు. "సత్తెం, నువ్వు చెట్ల సదువు సదివినోనివి. ఉన్నదున్నట్టు చెప్పు. గీ తీగ ఇసమా, కాదా?"

చిన్నమ్మ నా మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో కొంచెం నమ్మకం కూడా ఉంది. చదువుకున్నవాడు గదా, ఏదో ఒకటి తేలుస్తాడని. బాపమ్మ కూడా చూసింది, ఒకే గిన్నెలో అన్నం కలుపుకున్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నట్టు.

"ఇసమే," అన్నాను.

అడిగిన ప్రశ్నకు సరైన జవాబు. ఏ పరీక్షలోనైనా పూర్తి మార్కులు వస్తాయి. ఎవరు తెంపారని నన్నెవరూ అడగలేదు. ఒకే కులమని ఎవరు చెప్పారనీ అడగలేదు. అడగని ప్రశ్నలకు జవాబులు రాస్తే మార్కులుండవు.

మర్నాడే చిన్నమ్మను బస్సెక్కించారు. పుట్టింటివాళ్లది బోయినపల్లి; అక్కడ అన్నలు తలుపు సగమే తెరిచారని, సిరిసిల్ల పోయి బీడీలు చుట్టుకుని బతుకుతోందని తర్వాత విన్నాం. తీగను పీకే పని నాకే ఇచ్చారు, చెట్ల చదువు నాదే కనుక. పీకాను. వాన పడ్డాక రాలిన గింజలు వాడంతా మొలిచాయి. పిగిలిపిట్టలు ఆ కాయలు కడుపునిండా తిని ఏమీ కాకుండా గోడ గోడకూ రెట్టలు వేశాయి. వాడవాళ్లు దానికి 'మొగుణ్ని తిన్న తీగ' అని పేరు పెట్టారు. పిల్లలు ఆ పేరు పాటలా పాడేవారు. బాపమ్మ ఇంకో పద్నాలుగేళ్లు బతికింది. ఇంట్లో మాంసం వండిన ప్రతిసారీ కూరలోంచి కార్జం ముక్క ఏరి నా పళ్లెంలో వేసేది. మావైపు కార్జమంటే కాలేయమే, అందరూ ఆశపడే ముక్క. పద్నాలుగేళ్లు నేను దాన్ని తిన్నాను. రుచి బాగానే ఉండేది.

ఇప్పుడు కోరుట్ల నుంచి పోయేవాళ్లు తగ్గలేదు, పోయే తీరు మారింది. మా పక్కింటి కోడలు మిద్దె మీద నిలబడి, చెవిలో తీగలు పెట్టుకుని, ఎక్కడో సౌదీలో ఉన్న మొగుడితో ఫోనులో మొహం చూసుకుంటూ గంటలు గంటలు నవ్వుతుంది. అత్త కింది నుంచి ఎంత అరిచినా వినబడదు. తీగను అడ్డం పెట్టుకుని మాట్లాడాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. రోగమొస్తే ముందు పరీక్షలు చేయిస్తారు, తర్వాత పసరు తాగుతారు. శవాల పెట్టెలు మాత్రం అప్పటిలాగే వస్తున్నాయి, విమానంలో, మేకులు కొట్టి. వాటిని దించుకోవడానికి పోయేవాళ్ల మొహాలు కూడా అప్పటివే. జగిత్యాల రోడ్డు మీద నర్సరీలో దుబాయి తీగను నల్ల సంచిలో పెట్టి అమ్ముతున్నారు, తినకూడదని చీటీ కూడా అంటించి. ఆ చీటీ చూసి నేను చాలాసేపు నిలబడ్డాను. ఇక నా సంగతి. తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడల్లా కుటుంబం, కుటుంబం అని ఒత్తి పలికేవాణ్ణి. ఒకసారి ఒక పిల్లవాడు, "కులం లెక్కనా సార్?" అని అడిగితే క్లాసు బయట నిలబెట్టాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు. మంచి పిల్లవాడే.

గృహప్రవేశం అయిన మూడు వారాలకు మళ్లీ సిరిసిల్ల పోయాను. ఈసారి కళ్లజోడు పెట్టుకునే. చిన్నమ్మ తీగ కింద కూర్చుని ఉంది, ఒళ్లో చాట. జుట్టు తెల్లబడి పలచబడింది, వేళ్ల చివర్లు మాత్రం తంబాకుతో నల్లగా అప్పటిలాగే ఉన్నాయి.

"ఎవలది?"

"నేను చిన్నమ్మా. సత్తెం."

చేతిలో బీడీ ఆపకుండానే పైనుంచి కిందికి చూసింది. "పొట్ట అచ్చింది గదరా," అంది. "కూసో. గీడ నీడకు కూసో. కాయలు రాల్తయి, నోట్లెయ్యకు మల్ల." తన మాటకు తనే నవ్వింది. నేను కూడా నవ్వబోయాను, కుదరలేదు. ఎదురింటి పిల్లను కేకేసి చాయ్ తెప్పించింది. బాపు ఎప్పుడు పోయిండు, అవ్వ ఎప్పుడు పోయింది, నాకెందరు పిల్లలు, అన్నీ అడిగింది. బాపమ్మ గురించి అడగలేదు.

"గింజలు ఎట్ల తెచ్చుకున్నవు చిన్నమ్మా?"

"మీ బాపమ్మ నా మూట ఇప్పి సూసింది, బస్సు కాడ. చీరెలు ఇదిలిచ్చింది, రైకలు ఇదిలిచ్చింది. తలల సూడలే. కొప్పుల ముడేసుకున్న."

"ఇంత జరిగినంక గూడ దీన్ని పెంచుడెందుకు?"

"ఆయిన నాకు తెచ్చింది గిదొక్కటే. మిగితయన్ని మీ ఇంట్లనే ఉండె." చేయెత్తి ఒక ఎండు కొమ్మను గిల్లి పడేసింది. "పానమున్నదానికి నీల్లు పొయ్యాలె. గది ఎవల్నీ ఏమనలే. అన్నోల్లు మనుషులు."

చాయ్ చల్లారిపోయింది. మగ్గాల చప్పుడుకు అందరూ అరిచి మాట్లాడే సందు అది. కరెంటు పోయిందో ఏమో, ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. ఇంక గొంతు పెంచే సాకు కూడా లేదు. నలభై ఏళ్లుగా లోపల తిప్పి తిప్పి నున్నగా చేసుకున్న వాక్యం బయటికి రావడానికి అంతా సిద్ధంగా ఉంది. వచ్చింది మాత్రం ముక్కలు ముక్కలుగా.

"చిన్నమ్మా. ఆకు తెంపింది బాపమ్మనే. నాకు అప్పుడే తెలుసు. కామంచీ ఇదీ ఒక్కటే కులమని ఆమెకు చెప్పింది గూడ నేనే. పంచాయితీల నేను చెప్పలే. నువ్వు పెట్టలేదని నాకు తెలుసు."

చిన్నమ్మ బీడీకి దారం చుట్టింది, పంటితో తెంపింది, కొస మడిచి గోటితో లోపలికి నొక్కింది. కుప్పలో వేసి, ఇంకో ఆకు తీసుకుంది.

"నేను పెట్టలేదని నాకెర్కనే గదరా," అంది. "ఎర్క లేనోల్లకు చెప్పకపోతివి."